గురువారం సాక్ష్యం చెప్పాల్సిన హనుమక్క

నిన్న మధ్యాహ్నం షాపులో జెరాక్స్ మిషన్‌లో ఇరుక్కున్న పేపర్ లాగుతున్నాను. ఫోన్ మోగింది. హనుమక్క కూతురు సుజాత.

"మామా, అమ్మ పోయినాది. చెనక్కాయ చెట్లు పీకతా పీకతా, ఎద నొప్పి అని గట్టు మీద కూచున్నాది. మళ్లీ లేయలేదు."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా?

"గురువారం వాయిదా ఉండాది కదమ్మా."

సిగ్గుగా ఉంది. కానీ అదే వచ్చింది.

ఆ పిల్ల ఏడుపు ఆపి, "అమ్మ కూడా పొద్దున అదే అనుకుంటా ఉండె మామా" అంది.

ఈ ఉదయం వెళ్లి మట్టి వేసి వచ్చాను. అప్పటి నుంచి ఒక్క చోట కూర్చోలేకపోతున్నాను. షట్టర్ తీస్తాను, మళ్లీ వేస్తాను. అందుకే రాస్తున్నాను.

మీలో చాలామందికి హనుమక్క అంటే "నీ షాపుకొచ్చే ఆ గొర్రెలామె". అంతే.

ఊరు నాగలమడిక పక్కన. సోలార్ పార్క్ వచ్చాక మేత బయళ్లు తగ్గాయి. హనుమక్కా, ఆమె తమ్ముడూ గొర్రెల్ని రోడ్డు వెంబడి తోలుకుపోయేవాళ్లు. ఒకరోజు ఒక టిప్పర్ వచ్చి తమ్ముణ్ణి కొట్టేసింది. అక్కడికక్కడే పోయాడు.

బండి ఆగింది. డ్రైవర్ దిగాడు, చూశాడు, మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ ముఖాన్ని చూసింది ఈమె ఒక్కతే.

తర్వాత పట్టుబడినవాడు "బండి నడిపింది నేను కాదు" అన్నాడు.

అంటే కేసు మొత్తం హనుమక్క మాట మీదే నిలబడి ఉంది.

అప్పుడు మన కోర్టుకు సొంత ప్రాసిక్యూటర్ లేరు. సర్కారు తరఫున వాదించే ఆయన ఇంకో తాలూకా నుంచి ఇన్‌చార్జ్‌గా వచ్చేవారు. వస్తే వచ్చారు, లేకపోతే లేదు. ఈమె పని మానుకుని బస్సెక్కి రావడం, ఇంకో డేట్ తీసుకుని పోవడం. ఇదే కథ.

ఆ రోజుల్లోనే సర్కారులో ఒక పెద్దాయన స్టేజ్ ఎక్కి మూడు మాటలిచ్చారు. ప్రతి తాలూకా కోర్టుకూ సొంత ప్రాసిక్యూటర్. సాక్షులు కూర్చోడానికి ఒక గది. వాయిదా సంగతి ముందుగానే ఫోన్ చేసి చెప్పడం.

పేపర్లో ఆ వార్త ఆమెకు నేనే చదివి వినిపించాను. నా ఖర్మ.

ఆ తర్వాత ప్రతి వాయిదాకూ కోర్టు నుంచి నేరుగా నా షాపుకే. "మూడిట్లో ఎన్ని వచ్చినాయి శెట్టీ?"

మాది కన్నడ సర్కారు కదా, నేను కన్నడలో అర్జీలు రాసేవాణ్ణి. "పని ప్రగతిలో ఉంది" అని జవాబు వచ్చేది.

"యాడిదాకా వచ్చినాదంటప్పా ఆ ప్రగతి? నేనైతే నాగలమడిక నించి వచ్చేసినా!"

షాపులో ఉన్నవాళ్లందరూ నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

ఒకసారి "సాక్షుల గది వినియోగంలో ఉంది" అని లెటర్ వచ్చింది. మర్నాడే బస్సెక్కింది. నన్నూ లాక్కుపోయింది. గదికి తాళం. కిటికీలోంచి చూస్తే పాత ఫైళ్లు, విరిగిన కుర్చీలు.

తలుపు ముందు నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుంది. అటెండర్ పరిగెత్తుకొచ్చాడు.

"నేను సాక్షిని. ఇది నా గది. కాగితం వచ్చినాది, చూడు. తాళం తీయప్పా."

తీయలేదు. ఈమె లేవలేదు. మధ్యాహ్నం అక్కడే డబ్బా విప్పి ముద్ద తినింది. కోర్టు మూసేదాకా కూర్చుంది. నాకు మాత్రం ఎవరైనా చూస్తారేమోనని ఒకటే కంగారు.

తర్వాతి వాయిదాకు గది ఖాళీ చేసి రెండు బెంచీలు వేశారు.

"ఒకటి వచ్చినాది శెట్టీ. బెంచీ ఊగుతాది గానీ, వచ్చినాది."

ఇప్పుడు అసలు సంగతి. ఇది సుజాతకు కూడా ఇంకా చెప్పలేదు.

పోయిన వాయిదా ముందు ఆర్డర్ వచ్చింది. సొంత ప్రాసిక్యూటర్ వచ్చే నెలలో జాయిన్ అవుతారని. నేను ఎగిరి గంతేశాను. వాయిదా రోజు ఇద్దరం వెళ్లాం. ఎన్నడూ లేనిది ఇన్‌చార్జ్ ఆయన టైముకు వచ్చారు, ఫైలు చేతిలో ఉంది. "సాక్ష్యం ఈరోజే చెప్పిస్తాను, లేదంటే కొత్తాయన వచ్చాక నిదానంగా చేస్తారు. టైమ్ అడగమంటే అడుగుతాను, మీ ఇష్టం" అన్నారు.

హనుమక్క నా వైపు తిరిగింది. "ఏం చేద్దామప్పా? నాకైతే ఈ పొద్దే చెప్పేయాలనుండాది."

"ఇంత కొట్లాడి తెచ్చుకుంటిమి కదక్కా. ఆయన్నే రానీ. గట్టిగా చేస్తాడు" అన్నాను.

"సరేలే. చదువుకున్నోడివి, నీకే తెలుసు."

కొత్త ప్రాసిక్యూటర్ జాయిన్ అయ్యారు. నేనే వెళ్లి చూసొచ్చాను. పోయిన వారం హనుమక్కకు కోర్టు నుంచి ఫోన్ కూడా వచ్చింది, గురువారం రమ్మని.

మూడూ వచ్చాయి.

పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంట్ ఉంది కదా అని లాయర్ ఫ్రెండ్‌ను అడిగాను. కోర్టులో నిలబడి చెప్తేనే సాక్ష్యం అన్నాడు. ఇంకో నలుగురిని అడిగాను. అందరిదీ అదే మాట.

ఇన్నేళ్లు సర్కారు మాటను కళ్లతో చూసేదాకా నమ్మనిది ఆమె. ఒక్కసారి నమ్మమని చెప్పింది నేను.

ఎల్లుండి కోర్టుకు వెళ్తున్నాను. హనుమక్క పేరు పిలుస్తారు. నేను లేచి నిలబడతాను. ఆమె రాలేకపోయిందని, పోయినసారి చెప్పడానికి సిద్ధంగా వస్తే ఆపింది నేనేనని చెప్తాను. రాసుకుంటారో లేదో తెలీదు.

పోయిరా అక్కా. తమ్ముడి దగ్గర నిమ్మళంగా ఉండు. నీ మనసుకు శాంతి దొరకాలి.

నాకు మాత్రం ఇప్పట్లో వద్దు.