స్వరూప వెంట తెచ్చిన ఆధారం

మా ఎం.ఏ. విద్యార్థిని స్వరూప, మాదాపూర్‌లో లేస్తున్న ఐటీ భవనాల కూలీల మీద పరిశోధన వ్యాసం రాస్తోంది. పోయిన వారం దాని మొదటి ప్రతి చదివి, పేజీ పేజీకీ "ఆధారం ఏది?" అని ఎర్ర సిరాతో రాసిచ్చాను. మర్నాటి నుంచి ఆ అమ్మాయి క్లాసుకు రాలేదు. చదువు మానేస్తానంటోందని స్నేహితురాళ్లు చెప్పారు. నాకు అన్నం సయించలేదు.

ఈ రోజు మధ్యాహ్నం నా గది తలుపు దగ్గర ప్రత్యక్షమైంది. పక్కన సిమెంటు మరకల చీరలో ఒకావిడ.

"ఆధారం ఏదని అడిగిన్రు గద మేడమ్. మా చిన్నమ్మ. ఆడ్నే పని చేస్తది. నేను రాసిందంత ఈమె చెప్పిందే."

చిన్నమ్మ బెదురుగా, "నా మాటలకు పిల్ల మార్కులు పోతయా అమ్మా?" అంది.

"పోవమ్మా. నువ్వు చెప్పావని కింద రాస్తే చాలు."

"గంతేనా మేడమ్? లైబ్రరీ అంత తిరగేసి పరేషానైన!" అంటూ స్వరూప నవ్వేసింది. నా ప్రాణం కుదుటపడింది.

ఫుట్‌నోట్‌లో తన పేరుతోపాటు ఊరి పేరూ ఉండాల్సిందేనని చిన్నమ్మ పట్టుబట్టింది. రాయించాను. ఎగ్జామినర్ అభ్యంతరం చెబితే ఆవిడనే ఆయన దగ్గరికి పంపిద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?