దుబాసీ పెదనాన్న చెప్పని తప్పు

మా పెదనాన్న నారాయణస్వామితో సినిమాకు వెళ్ళడం కంటే పంటి నొప్పితో ఇంట్లో కూర్చోవడం నయం. ఆయన జిల్లా కోర్టులో దుబాసీ. తెలుగువాళ్ళ మాటను మెజిస్ట్రేటుకు, మెజిస్ట్రేటు మాటను తెలుగువాళ్ళకు ఇరవై ఆరేళ్ళుగా ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క వదలకుండా చెప్పిన మనిషి. తెర మీద కోర్టు కనిపిస్తే ఇక ఆగలేడు.

1961లో మారిషస్‌లోని మా ఊరు రోజ్ బెల్‌కు మద్రాసు నుంచి ఓ తెలుగు సినిమా వచ్చింది. సగం మాటలు అర్థం కాకపోయినా ఆదివారం అందరం కదిలాం.

"గెత్ సా! చూడండి, ఇందాక సాక్షి కట్టు కుడి చేతికుంది, ఇప్పుడు ఎడమ చేతికి!" అని పెదనాన్న కేక. గోడ గడియారంలో విచారణ మొదలైనప్పుడు పది, తీర్పప్పుడూ పదే. "జడ్జి సుత్తి కొట్టడమేంటి, వడ్రంగివాడా?"

పెద్దమ్మ గౌరీదేవి ఆయన్ని గిల్లింది. "రెస్ ట్రాంకిల్! నోరు మూసుకుని చూడండి."

చివర్లో ముద్దాయి తల్లి కోర్టులోకి దూసుకొచ్చి, "ధర్మప్రభూ, నా ప్రాణం తీసుకుని నా బిడ్డను వదలండి!" అంది. జడ్జి కళ్ళు తుడుచుకుని ఆమె కొడుకును అక్కడికక్కడే వదిలేశాడు. అంత పెద్ద తప్పుకు పెదనాన్న నోరు మెదపలేదు. నిద్రపోయాడేమోనని చూశాను. ముందు వరుసలో వెక్కి వెక్కి ఏడుస్తున్న మా పక్కింటి వెంకమ్మనే చూస్తున్నాడు. చెరకు తోటలో మేస్త్రీని కొట్టాడని ఆమె ఒక్కగానొక్క కొడుకు రామలు మీద కేసు. మర్నాడే విచారణ.

వెంకమ్మకు తోడుగా నేనే వెళ్ళాను. మూడు నెలల జైలు అనగానే ఆమె లేచింది. ఎప్పుడూ మా దీవి భాష క్రియోల్‌లోనే మాట్లాడే మనిషి, సినిమా తల్లి మాటలే తెలుగులో అరిచింది. పోలీసు ఆమె రెక్క పట్టుకున్నాడు.

"ఏమంటోంది?" అన్నాడు మెజిస్ట్రేటు.

పెదనాన్న పొల్లుపోకుండా చెప్పాడు. మెజిస్ట్రేటు ముఖం కందగడ్డ అయింది. కోర్టులో అరిచినందుకు ఆమెనూ లోపల వేస్తారనుకున్నాను.

"ఇంకేమైనా అందా?"

"అంది దొరా. కడుపుకోత తట్టుకోలేక అరిచాను, క్షమించండి అంది."

వెంకమ్మ అలాంటిదేమీ అనలేదు. ఆ క్షణంలో పెదనాన్న కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది నాకు. మెజిస్ట్రేటు ఆమెను వదలమన్నాడు. జైలుకు తీసుకుపోయే ముందు కొడుకు పక్కన కాసేపు కూర్చోనిచ్చాడు కూడా.

బస్సులో వస్తూ అడిగాను. "ఆవిడ క్షమించమని అడగలేదు కదా పెదనాన్నా?"

"తల్లి ఏడిస్తే జడ్జి వదిలేయడం తప్పని నిన్న సినిమాలోనే చెప్పి ఉంటే ఆవిడ లేచేదే కాదమ్మా" అన్నాడు. "క్షమాపణ అడగాల్సింది నేను. అడిగాను."