గేటు దాకా వచ్చిన లాయరుగారు

దెందులూరు దగ్గర మేం పనిచేసే చేపల మేత ఫ్యాక్టరీ మూతపడితే, కోర్టు పని మీద ఒక లాయరుగారు వచ్చారు. ఆయనది పెదపాడులో చేపల చెరువుల మీద బతికిన ఇల్లు. ఏలూరులో లా చదివి, కంపెనీల దివాలా కేసులే చూసేవారు. ఎవరైనా 'దివాలా' అంటే మాత్రం వద్దన్నట్టు చెయ్యి ఊపేవారు.

"మా పని పోయినట్టేనాండీ?" అని అడిగాను.

"చేపల పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడతారు కదమ్మా. చెరువు పోయిందంటామా? మళ్లీ నీళ్లు పెట్టుకోమూ?"

"అందాకా చేపలెక్కడుంటాయండీ?" అంది నాతోపాటు అక్కడే పనిచేసే మా తోటికోడలు.

ఆయన నవ్వబోయి ఆగారు. "కోర్టులో అదే అడుగుతానమ్మా."

అడిగారు. కోర్టు ద్వారా ఫ్యాక్టరీని కొన్న కొత్త యజమాని మమ్మల్నందరినీ పనిలో ఉంచుకున్నాడు. ఫ్యాక్టరీ తెరిచిన రోజు లాయరుగారు గేటు బయటే నిలబడ్డారు.

"లోపలికి రండి" అన్నాను.

"నా పని గేటు దాకానేనమ్మా. మీరు వెళ్లండి, మిషన్లు తిరుగుతున్నాయి."