సుగుణ పాడిన మూడు పాటలు

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మావారికి చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పలేదు. మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా 'నా తప్పులన్నీ క్షమించు ప్రభువా' అని మూటకట్టి అప్పజెప్పానే గాని, ఈ ఒక్క తప్పును మాత్రం విప్పి చూపలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాకు పాటల పిచ్చి. పాటలనడం కన్నా రికార్డింగుల పిచ్చి అనాలి. గరివిడిలో మా నాన్న ఫ్యాక్టరీ పని చేసే రోజుల నుంచీ పోగేసినవి నా దగ్గరున్నాయి. శ్రీముఖలింగంలో శివరాత్రికి ఎవరో పట్టిన నాదస్వరం ఉంది. రాగం పైకి లేచే చోట జనంలో ఒకాయన దగ్గుతాడు. ఆ దగ్గు లేకపోతే నాకది రాగంలా ఉండదు. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ ఒకటుంది. చెబుతున్న ఇద్దరాడవాళ్లూ నవ్వాపుకోలేక ఒక చరణం ఎగరగొట్టేస్తారు. సాలూరు లారీ డ్రైవరొకాయన బండి తోలుతూ పాడుకున్న పాటకి ఇంజను మోతే తాళం. మా చర్చి క్వయిర్ కీర్తనలు సరేసరి. ఇవన్నీ ఎందుకు దాచుకున్నాను? మనిషి పోయినా ఊపిరి మిగులుతుందని. ఆ విలువ తెలిసినదాన్ని నేను. తెలిసే చేశాను.

సుగుణ నా తోడికోడలు. మా మరిది భార్య. పొలంలో కలుపు తీస్తూ పాటలు నేర్చుకున్న పిల్ల. ఆమె మా ఇంటికి రాకముందు తొమ్మిదేళ్లు క్వయిర్‌లో ముందు గొంతు నాదే. ఆమె వచ్చిన రెండో నెలలో ఒక ఆదివారం పాస్టరుగారు ఆమెను పాడమన్నారు. ఇంటికొచ్చాక మా అత్తగారు ఏ కల్మషం లేకుండా అన్న మాట ఇది: "నువ్వు పాడితే ఇంటాం. అది పాడితే ఏడుస్తాం." నేను నవ్వాను. ఆ నవ్వు వెనక ఏముందో అప్పుడే చూసుకుని ఉంటే?

2012లో సుగుణ మెడ దగ్గర గడ్డ లేచింది. అప్పటికి ఆమె పాపకి ఎనిమిది నెలలు. గడ్డ నరానికి అతుక్కుని ఉందనీ, తీయక తప్పదనీ, గొంతు దక్కుతుందని మాటివ్వలేమనీ విశాఖలో డాక్టరు ముందే చెప్పాడు. బయలుదేరే రోజు పొద్దున్న ఆమె పాపనెత్తుకుని నా గదిలోకి వచ్చింది. ఇంట్లో రికార్డరున్నది నా ఒక్కదాని దగ్గరే.

"అక్కా, రేపు నా గొంతుంటాదో ఉండదో. మూడు పాటలు పాడతాను, అందులో పెట్టీవా? దీనికి వినిపించుకోడానికి."

పెట్టాను. ఒక కీర్తన పాడింది. ఒక కలుపు పాట పాడింది. చివర పాపను భుజాన వేసుకుని జోల పాడింది. మూడూ చక్కగా పడ్డాయి. ఆమె ఆసుపత్రిలో ఉన్న రెండో రోజు మధ్యాహ్నం నేనొక్కదాన్నే కూర్చుని విన్నాను. ఎంత బాగుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసి ఉండదు. ఆమె గొంతు పోతే క్వయిర్‌లో ముందు గొంతు మళ్లీ నాదే. కానీ ఇది ఉన్నంతకాలం ఎవరో ఒకరు దీన్ని విని, తర్వాత నన్ను వింటారు. ఇలా ఆలోచించానని ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పుడు ఆలోచించానా? ఏమో. వేలికి తెలుసు. చెరిపేయాలా అని అడిగింది మిషను. అవునని నొక్కాను. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నొక్కాను.

సుగుణ తిరిగొచ్చింది. గొంతు రాలేదు. మాట గుసగుసలా మిగిలింది. నాలుగో రోజు నా గదికొచ్చి పాటలు పెట్టమంది.

"పడనేదే సుగుణా," అన్నాను, ఆమె యాసలోనే. "బటన్ సరిగ్గా నొక్కనేదు నాను."

సుగుణ రికార్డరు వైపు ఒకసారి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"పోన్లే అక్కా. నువ్వేటి సేస్తావు? ఏడవకు."

అవును, నేను ఏడుస్తున్నాను. ఆమె నన్ను ఓదార్చింది. నేను చేయని తప్పుకి క్షమించేసింది. చేసిన తప్పు అలాగే మిగిలిపోయింది.

ఆ క్రిస్మస్‌ రోజున ముందు వరసలో నిలబడి పాడాను. సుగుణ వెనక బల్ల మీద కూర్చుని చప్పట్లతో తాళం వేసింది. రెండో చరణం నేను పూర్తి చేయలేకపోయాను. తర్వాత క్వయిర్ మానేశాను. జలుబన్నాను, ఆస్తమా అన్నాను. ఒకసారి ఎవరికీ చెప్పకుండా రికార్డరు పట్టుకుని విజయనగరంలో మూడు షాపులు తిరిగాను. పోయినవి రావన్నారు. పాత క్వయిర్ రికార్డింగులు చెవుల్లో పెట్టుకుని, అందరి గొంతుల వెనకా ఆమె గొంతు ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకదు. ఎందుకంటే రికార్డరును ఎప్పుడూ నా ముందే పెట్టుకునేదాన్ని. అన్నిటా నేనే ఉన్నాను. నన్ను నేను ఎంతసేపని వినను?

ఇంకో శిక్ష ఉంది. ఆ పొద్దున్న తిరుగుతున్న ఫ్యాను చప్పుడు గుర్తుంది. గాజుల చప్పుడు గుర్తుంది. పాప ఎక్కడ ఎక్కిళ్లు పెట్టిందో గుర్తుంది. గొంతు మాత్రం గుర్తు రావడం లేదు. ఎంత గింజుకున్నా రావడం లేదు.

పోయిన వారం పాప నా దగ్గరికొచ్చింది. ఇప్పుడు రెండో తరగతి. "పెద్దమ్మా, మాయమ్మ పాటలు పాడేదంట గదా, నీ కాడ ఒక్కటైనా నేదా?" అంది. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి సుగుణ గుసగుస వినిపించింది: "పెద్దమ్మని ఇసిగించకు. ఆ మిషను పాడైపోనాది."

నన్ను కాపాడింది. ఇప్పటికీ కాపాడుతోంది. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఈ కాగితం ఆమె చేతిలో పెట్టే ధైర్యం నాకొస్తుందో రాదో తెలియదు. పెడితే క్షమించమని అడగను. ఆమె క్షమను ఒకసారి దొంగిలించినదాన్ని, మళ్లీ ఏ మొహంతో అడుగుతాను? కోప్పడాలి ఆమె. ఆ కోపమైనా సరైన తప్పు మీద పడాలి.

మిషను పాడవలేదు. బటన్ సరిగ్గానే నొక్కాను. సుగుణ పాటలు మూడూ పడ్డాయి. నేనే చెరిపేశాను.

రాశాను. పైన రాసిన నాలుగు మాటలూ మళ్లీ చదువుకున్నాను. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.