నతానియేలు గిటారూ, బందరు ఉప్పుగాలీ

నతానియేలు గిటారు వాయించగా విన్నవాళ్ళకంటే, దాన్ని శ్రుతి చేస్తుండగా చూసినవాళ్ళే మా బందరులో ఎక్కువ. పెళ్ళిపందిట్లో పాట మంచి ఊపు మీద ఉన్నప్పుడు, చరణానికీ చరణానికీ మధ్య చెయ్యెత్తి అందరినీ ఆపేసేవాడు. "ఒక్క నిమిషం. ఉప్పుగాలి," అని చెప్పి గిటారు తలకాయ దగ్గరున్న మరలు తిప్పడం మొదలుపెట్టేవాడు. అతని నిమిషం గడియారంలో ఉండే నిమిషం కాదు. ఆ వ్యవధిలో వడ్డన రెండు పంక్తులు ముందుకు సాగేది. ఏడుస్తున్న పిల్లలు నిద్రపోయేవారు.

సముద్రం పక్కనున్న ఊరు కాబట్టి తీగలు చెడతాయంటే ఎవరైనా నమ్ముతారు. కానీ నతానియేలు ఉప్పుగాలి ఊరూరా తిరిగేది. గుడివాడలో సముద్రం లేదు కదయ్యా అంటే, "గిటారులో కూర్చుని మనతోపాటే వచ్చిందండీ," అనేవాడు. ముదినేపల్లిలో వరిచేల ఆవిరి తగిలి ఉప్పుగాలికి బలమొచ్చిందన్నాడు. నాగాయలంక పెళ్ళికి కాలవ పడవలో వెళ్ళినప్పుడైతే గిటారుని దుప్పట్లో చుట్టి, దుప్పటి మీద గొడుగు పట్టి, గొడుగు కింద తను పట్టక తడిసి దిగాడు. అయినా రెండో చరణం దగ్గర చెయ్యి లేచింది. "దుప్పటికి పట్టిందండీ," అన్నాడు.

ఇంగ్లీషుపాలెంలో మావి ఒకే గోడ పంచుకున్న వాటాలు. ముందు వీధిలో అతనికి గోలీసోడా కొట్టు. నాకు సంగీతం రాదు గాని వినడం వచ్చు. గోడకి చెవి ఆనించి, ఏ తీగ ఏదో, ఏ మర తిప్పితే ఏం జరుగుతుందో నాకు నేనే నేర్చుకున్నాను. వరస లేకపోయినా నన్ను బావా అనేవాడు. అతని బృందం ఎక్కడికి వెళ్ళినా శ్రోతగా నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. పందిట్లో చప్పట్లు మొదలుపెట్టడానికి ఒకడుండాలి కదా.

ఆ గిటారు బెజవాడ నుంచి వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ రైలు డ్రైవరు దగ్గర కొన్నది. దాని లావు తీగ ఎప్పుడో తెగిపోతే సైకిలు బ్రేకు తీగ బిగించాడు. ఆరు తీగల మీదా అతనికి ఆరు అభిప్రాయాలుండేవి. మొదటిది పొగరుబోతు, ఆఖరిది బద్ధకిష్టి, మధ్య నాలుగూ సంసారం లాగుతుంటాయి అనేవాడు. ఒక్కోసారి సోడా కోసం వచ్చినవాళ్ళు గోలీ నొక్కేవాడు లేక గొంతెండి నిలబడుంటే, లోపల ఈ సంసారం గురించి నాకు చెబుతుండేవాడు.

బృందంలో రెండోవాడు సత్యానందం. సైకిళ్ళు బాగుచేసే మనిషి. అతను వాయించేది బేసు. బేసంటే మరేం కాదు. టీ పొడి వచ్చే పెద్ద చెక్కపెట్టె బోర్లించి, దాని నడుమ నుంచి ఒక తాడు లాగి, ఆ తాడు రెండో కొసని వెదురు కర్రకి కట్టారు. కర్రని వెనక్కి వంచితే తాడు బిగిసి స్వరం పైకి పోతుంది, ముందుకి వంచితే కిందకి దిగుతుంది. బస్సు మీదకి ఎక్కిస్తుంటే ఓ కండక్టరు పెట్టెలో ఏముందని అడిగాడు. సత్యానందం ఏమీ లేదన్నాడు. ఏమీ లేని పెట్టెని గుడివాడ దాకా ఎందుకు మోస్తున్నారని కండక్టరు దింపేయబోయాడు. నతానియేలు అడ్డుపడి, గిటారు మాట్లాడే వాద్యమనీ, బేసు వినే వాద్యమనీ, వినేవాళ్ళు లేకపోతే మాట్లాడేవాళ్ళ గతేమిటనీ అడిగాడు. కండక్టరు పెట్టెకి లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

అన్ని వాద్యాలమీదా ఇంత ప్రేమ ఉన్నవాడికి హార్మోనియం పేరెత్తితే మాత్రం ఒళ్ళు మండేది. "అది గవర్నమెంటు వాద్యం బావా. ఒకసారి రాసిందే రాత. మనకోసం వెంట్రుకవాసి కిందకి దిగదు," అనేవాడు. హార్మోనియం ఉన్న పెళ్ళి అయితే రానని మొహమ్మీదే చెప్పేవాడు. మైకన్నా పడేది కాదు. చిన్న తప్పుని కూడా కొబ్బరిచెట్టెక్కి ఊరంతా చెబుతుందనేవాడు. హారన్ని కొబ్బరిచెట్టుకే కట్టేవారు కాబట్టి అందులో అబద్ధం లేదు.

ఇక పాడే మనిషి భాగ్యమ్మగారు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు నతానియేలుకి సండేస్కూల్లో పాటలు నేర్పింది ఆవిడే. ఒకప్పుడు చర్చిలో, వాళ్ళ మాటలో గుడిలో, ఆవిడ గొంతెత్తితే వీధిలో రిక్షాలు ఆగేవి. పెద్దతనం వచ్చాక ఆ గుడి పాటల బృందంవాళ్ళు మర్యాదగానే, ఇక విశ్రాంతి తీసుకోండమ్మా అన్నారు. ఆవిడ మర్యాదగానే సరేనని, వెనక బెంచీకి మారిపోయి, పెదవులు కదపడం కూడా మానేశారు. ఆ రోజుల్లోనే నతానియేలు సోడాల గంపతో వాళ్ళింటికి వెళ్ళి, పెళ్ళిళ్ళకి బృందం పెడుతున్నాననీ, పాడే దిక్కు లేదనీ మొరపెట్టుకున్నాడు. మనవరాలు దయామణి పెళ్ళిలో పాడితే చాలనుకుంటున్నాననీ, అందాకా గొంతు తుప్పు పట్టకుండా వస్తాననీ ఆవిడ ఒప్పుకున్నారు.

నాకు ఒక్కటే అంతుపట్టేది కాదు. రోజూ సాయంత్రం బియ్యం మిల్లు కూత వేసే వేళకి నతానియేలు అరుగు మీద కూర్చుని మూడో తీగ మీటేవాడు. కూతా తీగా ఒకే స్వరం. ఆ వేళకి సముద్రం మీంచి గాలి మా వీధిలో పంచెలు ఎగరేసేది. ఆ గాలిలో వారాల తరబడి ఆ తీగ పిసరంత చెడేది కాదు. అలాంటిది నందివాడ వెళ్ళేసరికి ఎందుకు చెడుతుంది? పైగా చెడిన తీగని బిగించాలి గదా. ఇతను పందిట్లో తిప్పినప్పుడల్లా వదులు చేసేవాడే గాని, బిగించగా నేను చూడలేదు.

దయామణి పెళ్ళి గుడివాడలో కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి రత్నరాజుగారు రైల్వే గార్డు. పచ్చజెండా ఊపినంత దర్జాగా మాట్లాడే మనిషి. పెళ్ళినాడు ఉదయం బస్సులో భాగ్యమ్మగారు ముందు సీట్లో కొత్త చీర కట్టుకుని కూర్చున్నారు. మేం ముగ్గురం వెనక. వియ్యాలవారు హార్మోనియం కూడా మాట్లాడారటగా అని ఎవరో చుట్టం అన్నాడు. నతానియేలు మొహంలో రక్తం లేదు.

"ఏంటయ్యా, హార్మోనియానికి అంత భయమా?" అన్నాను.

అతను గిటారు మరలు తడుముకుంటూ కూర్చున్నాడు. సత్యానందమే నా చెవి దగ్గరకి వంగాడు. "పెద్దమ్మగారి గొంతు చరణం చరణానికీ కిందకి జారిపోద్దండి. ఆవిడికి తెలీదు. ఆవిడ ఎంత జారితే ఈయన గిటారుని అంత దింపుతాడు. నేను కర్ర వంచుతాను. అందరం కలిసి దిగితే దిగినట్టు ఎవరికీ తెలీదు గదండీ. ఆ హార్మోనియం పెట్టె దిగదు. ఇయ్యాల పందిట్లో దొరికిపోతాం."

ముందు సీట్లో భాగ్యమ్మగారు కిటికీ వైపు తిరిగి పాట నెమరేసుకుంటున్నారు. ఆ ఒక్క పాట కోసమే ఆవిడ ఇన్నాళ్ళూ పడవలెక్కీ బస్సులెక్కీ తిరిగారు. కొత్త వియ్యాలవారి ముందు అది నవ్వులపాలైతే ఆవిడ మళ్ళీ వెనక బెంచీకే.

గుడివాడలో దిగింది మొదలు నతానియేలు హార్మోనియాన్ని తప్పించే ప్రయత్నంలో పడ్డాడు. హార్మోనియం వాయించే సుబ్రహ్మణ్యంగారు నాటకాల మనిషి. పెద్ద బొట్టు, అంతకంటే పెద్ద మీసాలు. నతానియేలు ముందు ఆయన్ని టిఫిను చేయమని బతిమాలాడు. చేసొచ్చానన్నాడాయన. ఎండ తగిలితే పెట్టె పాడవుతుందని పందిట్లో ఆ చివరికి జరపబోయాడు. ఆయన పెట్టె మీద చెయ్యేసి కదలనివ్వలేదు. చివరికి ఉప్పుగాలి సంగతి ఎత్తి, మేం బందరు నుంచి వచ్చాం, మా పక్కన కూర్చుంటే మీ పెట్టెకి కూడా అంటుకుంటుందన్నాడు.

"నేను పుట్టిందే మీ బందరు పక్క చిన్నాపురవండీ. ఉప్పుగాలి తాగి పెరిగాను," అన్నారు సుబ్రహ్మణ్యంగారు.

పాట మొదలైంది. మొదటి చరణం అద్భుతంగా వచ్చింది. హార్మోనియం నిండుగా పలుకుతుంటే భాగ్యమ్మగారు కళ్ళు మూసుకుని పాడారు. రత్నరాజుగారు తన ఏర్పాటు ఎలా ఉందో చూడమన్నట్టు చుట్టూ చూశారు. రెండో చరణంలో ఆవిడ గొంతు జారడం మొదలుపెట్టింది. హార్మోనియం ఉన్నచోటే ఉంది. రెండూ విడిపోయి, మధ్య సందులోంచి ఏదో గరగరలాడింది. కొబ్బరిచెట్టు మీది హారను దాన్ని వీధి చివరిదాకా మోసింది. ముందు వరసలో ఒకాయన పక్కాయన వైపు చూశాడు. పెళ్ళిపీట మీద దయామణి తల దించుకుంది. భాగ్యమ్మగారు కళ్ళు తెరిచారు.

నతానియేలు లేచి నిలబడ్డాడు.

"ఆపాలండీ," అన్నాడు. "ఉప్పుగాలి."

గుడివాడ నడిబొడ్డున, గాలాడక విసనకర్రలు ఊపుకుంటున్న పందిరి అది. జనం పకపకా నవ్వారు. రత్నరాజుగారు విసుక్కుని, బందరు నుంచి గిటారు తెచ్చే బదులు శ్రుతి తెచ్చుకుంటే బాగుండేదన్నారు. ఇంకా నవ్వారు. వాళ్ళు నతానియేలుని చూసి నవ్వుతున్నారు. భాగ్యమ్మగారి వైపు ఎవరూ చూడటం లేదు. అతను చెమటలు కక్కుకుంటూ, తెలివితక్కువ మొహం పెట్టుకుని మరలు తిప్పుతూనే ఉన్నాడు.

అతని వేళ్ళని గమనిస్తున్నది సుబ్రహ్మణ్యంగారొక్కరే. ఆయన కళ్ళు మరల దగ్గర ఆగాయి. తిప్పుతున్నది వదులు వైపు. అక్కణ్ణించి సత్యానందం కర్ర మీదకి వెళ్ళాయి. అది అప్పుడే కాస్త ముందుకి వంగి సిద్ధంగా ఉంది. అక్కణ్ణించి భాగ్యమ్మగారి మొహానికి వచ్చాయి. మీసం ఒకసారి కదిలింది.

"కానీండి," అన్నారు.

మూడో చరణం మొదలైంది. సుబ్రహ్మణ్యంగారి ఎడమచెయ్యి హార్మోనియం తిత్తిని జోరుగా ఊపుతోంది. కుడిచేతి వేళ్ళు మెట్ల మీద నాట్యం చేస్తున్నాయి. తల ఊగుతోంది, మీసం ఊగుతోంది, ఉంగరాలు మెరుస్తున్నాయి. నేను దగ్గరకి జరిగి చూశాను. వేళ్ళు మెట్లకి తగలడం లేదు. అంత పెద్ద పెట్టెలోంచి ఉఫ్ ఉఫ్ మని గాలి తప్ప ఏమీ రావడం లేదు.

భాగ్యమ్మగారు పాడుతూ జారారు. గిటారు జారింది, బేసు వంగింది. చివరి చరణానికి పాట ఎక్కడ మొదలైందో అక్కడికి చాలా కింద ఉంది గాని, అందరూ కలిసే ఉన్నారు. ఆవిడ ముగించారు. నా పని నాకు గుర్తొచ్చి చప్పట్లు మొదలుపెట్టాను. అక్కర్లేకపోయింది. నాకంటే ముందే దయామణి పీట మీంచి కొట్టేస్తోంది.

రత్నరాజుగారు అందరికీ వినబడేలా, "చూశారా, ఆఖర్న హార్మోనియం కుదురుకున్నాక పాట ఎంత నిండుగా ఉందో," అన్నారు.

భోజనాల దగ్గర నతానియేలు సుబ్రహ్మణ్యంగారికి స్వయంగా సోడా కొట్టి తెచ్చాడు. ఆయన సోడా తాగి, మీసం తుడుచుకుని, "మీరన్నది నిజవేనండీ. పాడు గాలి. మా పెట్టెలో కూడా దూరింది," అన్నారు.

తిరుగు ప్రయాణంలో భాగ్యమ్మగారి పక్క సీటు నాకు దొరికింది. వెనక నతానియేలు గిటారుని ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఆవిడ వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించి నాతో అన్నారు.

"మీరు బాగా వింటారు కాబట్టి చెబుతున్నాను నాగభూషణంగారూ. ఎక్కడా అనకండి. ఆ పిల్లాడి గిటారు నిలవదండీ. చరణం చరణానికీ కిందకి పడిపోతూ ఉంటుంది."

నేను ఊఁ కొట్టాను.

"పాపం, ఉప్పుగాలంటూ కవరు చేసుకుంటాడు. చిన్నప్పట్నించీ అంతే, వాడికి శ్రుతి తక్కువ. అందుకని అదెంత పడితే నేనూ గొంతు అంత దించుకుని పాడతాను. కలిసి దిగితే ఎవరికీ తెలీదు కదా. గుడిలో పెట్టె వాయించేవాళ్ళకి నేను లేకపోయినా జరుగుతుంది. వీణ్ణి వదిలేస్తే నలుగుర్లో నవ్వులపాలైపోతాడు. దయామణి పెళ్ళయ్యాక మానేద్దామనుకున్నాను. ఇవాళ వాడి అవస్థ చూశాక ఇంకెలా మానను?"

అలా చెప్పి, వెనక్కి వంగి, నిద్రలో జారిపోతున్న గిటారుని అతని ఒళ్ళోకి సర్దారు.

మర్నాడు సాయంత్రం మిల్లు కూసింది. గోడవతల మూడో తీగ మోగింది. రెండూ ఒకటే స్వరం, ఎప్పటిలాగే. కాసేపటికి నతానియేలు అరుగు మీంచి కేకేశాడు.

"ఏం బావా, విన్నావా? కాస్త పడినట్టు లేదూ?"

"పడిందయ్యా," అన్నాను. "ఉప్పుగాలి కదా."