మూడు గంటల సంతకం

ఆ వృద్ధాశ్రమంలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ గడియారం ఆయమ్మే. మంచం దిగలేని పదకొండు మందిని రెండు గంటలకోసారి పక్క మార్చడం ఆవిడ పని. ఎడమ, కుడి, వెల్లకిల. మార్చగానే మంచానికి వేలాడే కాగితం మీద వేళ వేసి, ఏ పక్కో రాసి, సంతకం పెడుతుంది. పది నిమిషాలు ఆలస్యమైతే కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంది.

"గోడ గడియారానికైనా కీ ఇవ్వాలి, దీనికి అదీ అక్కర్లేదు" అంటుంది మూడో మంచం టైపిస్టు మామ్మ. కాళ్లు పడిపోయినా ఆవిడ నాలుక చురుకు తగ్గలేదు.

ఎదుటి బడి తొమ్మిదో తరగతి పిల్లలు ఇరవై నలుగురు సేవ నేర్చుకోవడానికి వస్తారనీ, నువ్వే నేర్పాలనీ మేనేజరు ఆయమ్మకు చెప్పాడు. మొదటి శనివారం ఆవిడ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఖాళీగా ఉన్న ఆరు మంచాల మీద పిల్లల్ని వంతులవారీగా పడుకోబెట్టి, "పావుగంట కదలొద్దు. ముక్కు దురద పెట్టినా సరే" అంది.

ఐదు నిమిషాలకే ఒకడు మూలిగాడు. "ఆయమ్మా, నడుం పట్టేసింది."

"నీది పద్నాలుగేళ్ల నడుం నాయనా. ఆ పక్క తాతగారిది ఎనభై ఆరేళ్లది."

ఆ తర్వాత మోకాలి కింద చెయ్యి ఎక్కడ పెట్టాలో, దుప్పటిలో ముడత ఎందుకు ఉండకూడదో, ముట్టుకునే ముందు మనిషిని ఎందుకు అడగాలో చూపించింది. మూడు గంటలు పట్టింది. రెండో శనివారం వాన. మూడోది ఆటల పోటీలు. నాలుగోది పరీక్షలు. ఐదో శనివారం పిల్లల్ని వరండాలో నిలబెట్టి, వాళ్ల మాస్టారు కార్డుల కట్టతో, మేనేజరుతో కలిసి వార్డులోకి వచ్చారు. ప్రతి కార్డులోనూ సేవ చేసిన గంటలు ఇరవై అని ముందే నింపి ఉంది. కింద 'నేర్పినవారి సంతకం' అని ఖాళీ. అది పైకి చదివి, పెట్టమన్నారు.

"ఇరవై ఎక్కడివి మాస్టారూ? నేను చూసినవి మూడే."

"మార్కులు ఉంటాయమ్మా వీటికి. వానొస్తే పిల్లలేం చేస్తారు పాపం?"

"వానని నేను తిట్టట్లేదు. మూడని రాయండి, ఇప్పుడే పెడతాను."

మేనేజరు అందుకున్నాడు. "ఆ ఆరు పరుపులూ బడివాళ్లిచ్చినవే, మర్చిపోయావా? ఒక సంతకం పెడితే చెయ్యి అరిగిపోతుందా?"

"పరుపులిచ్చినందుకు దండం పెడతా సార్. సంతకం పెట్టను."

"అయితే వార్డులో నీకు పని లేదు. సోమవారం నుంచి కింద బట్టలుతికే గదికి పో."

పన్నెండేళ్లుగా ఆ పదకొండు మంచాలే ఆవిడ లోకం. అయినా కార్డులు ముట్టుకోలేదు. వరండాలో పిల్లలకు కూడా వినపడేలా గొంతు పెంచింది.

"చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం కాళ్లు పీకి కూర్చుండిపోయాను. పన్నెండింటికి ఎడమకు తిప్పిన ముసలావిడని రెండింటికీ తిప్పలేదు, నాలుగింటికీ తిప్పలేదు. తిప్పినట్టు రాశాను. ఆరింటికి డ్యూటీ ఎక్కినావిడ కాగితం చూసింది. ఎడమకు తిప్పాల్సిన వేళ. మనిషి ఎడమకే ఉంది. ఎవరో తిప్పేశారులే అనుకుంది. ఎనిమిది గంటలు ఒకే పక్క. తుంటి దగ్గర నల్లబడి పుండయింది. మానడానికి ఐదు నెలలు పట్టింది. కాగితంలో తప్పు లేదు కాబట్టి నన్నెవరూ ఏమీ అనలేదు. ఆ పుండు రోజూ కడిగింది నేనే."

మాస్టారు కార్డుల అంచులు సరిచేసుకుంటూ ఉండిపోయారు.

"ఆ పురాణమంతా ఇప్పుడెందుకు? నేనే పెడతాను" అని మేనేజరు జేబులోంచి పెన్ను తీశాడు.

"నేర్పినవారు అని ఉందట కదా అక్కడ" అంది టైపిస్టు మామ్మ. "రెండవుతోంది. నన్నిప్పుడు ఏ పక్కకి తిప్పాలో చెప్పు నాయనా, సంతకం పెడుదువుగాని."

మేనేజరు మంచానికున్న కాగితం వైపు వంగి, చివరి వరుస చూశాడు. "ఎడమ."

"అయిపోయింది అది. పన్నెండింటి నుంచీ ఎడమకే ఉన్నా. కళ్లజోడు పెట్టుకో."

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. రెండు జడల పిల్ల ఒకతి లోపలికొచ్చి, మాస్టారి చేతిలోంచి తన కార్డు వెతికి తీసుకుంది. ఇరవై కొట్టేసి మూడు వేసింది.

"మార్కులు పోతాయే" అన్నారు మాస్టారు.

"మూడుకి ఎన్నొస్తే అన్నే సార్."

ఇంకో ఎనిమిది మంది ఆమె వెనకే వచ్చి తమ కార్డుల్లోనూ మూడు వేశారు. మిగిలినవాళ్లు చెప్పుల వైపు చూసుకుంటూ బయటే ఉండిపోయారు. ఆయమ్మ తొమ్మిది కార్డులనూ కిటికీ గట్టు మీద పరిచి, ఒక్కో సంతకం పొల్లు పోకుండా పెట్టింది. మిగతావి మాస్టారి చేతిలోనే ఉండిపోయాయి.

"సోమవారం నుంచి కిందే నువ్వు" అన్నాడు మేనేజరు.

"కింద గదే కదా సార్. మెట్లెక్కడం నాకొచ్చు. రెండు గంటలకోసారి వస్తా. అడ్డం నిలబడాలనుకుంటే మీరూ రండి, ఓ చెయ్యి వేద్దురుగాని."

మేనేజరు మాస్టారిని వెంటబెట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు.

"నేనింకో గంట ఉండొచ్చా ఆయమ్మా?"

"వాచీ తీసి జేబులో వేసుకో" అంది ఆవిడ చేతులు కడుక్కుంటూ. "తాతగారి ఒళ్లు ఉల్లిపొర. గీరుకుంటుంది."