అద్దాలాయన చూపించిన దిబ్బ

దీవిలో అందరూ అతన్ని అద్దాలాయన అంటారు. అడుగున గాజుపలక బిగించిన హోటలువాళ్ల పడవను ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నాడు. మొదట్లో ఆ పలకలోంచి పగడాలను చూస్తూ తనే దారి మరిచిపోయేవాడు. ఇప్పుడు కింద మిగిలింది తెల్లబడ్డ బొమికలు, వాటి మీద నిలబడి ఫొటోలు దిగే టూరిస్టుల రబ్బరు కాళ్లు. ఆ జనమంటే అతనికి ఒళ్లుమంట. రొట్టెముక్కలు విసిరి చేపలను బిచ్చగాళ్లను చేశారు. ఒంటికి పట్టించిన క్రీములన్నీ నీళ్లలో కడుక్కుని, ఎంత స్వచ్ఛంగా ఉందో అని మురిసిపోతారు.

అంతకంటే అల్లుడంటే మంట. అతను అదే హోటల్లో గైడు. ఆ ఏడు ఒక కొత్త వేడుక మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లు ఒక పగడపు కొమ్మను నీళ్లలోని ఇనుప చట్రానికి కట్టి, పక్కన తమ పేరున్న రేకు తగిలించాలి. సముద్రాన్ని ఉద్ధరించినందుకు చేతికో సర్టిఫికెట్టు. ఆ కొమ్మలను అల్లుడు రోజూ పొద్దున్నే దీవి వెనక, బతికున్న పగడపు దిబ్బ మీద సుత్తితో కొట్టి తెస్తున్నాడు. అద్దాలాయన అది కళ్లారా చూశాడు. కూతురి మొహం చూసి నోటికి తాళం వేసుకున్నాడు.

ఒకరోజు పడవలో ఒక టీచరమ్మ అడిగింది. "ఈ కొమ్మలు ఎక్కడివండీ?"

"మేమే పెంచుతామండీ, కన్నపిల్లల్లా," అన్నాడు అల్లుడు.

అద్దాలాయన చుక్కాని తిప్పాడు.

"ఎటు మామయ్యా?"

"నీ పిల్లల్ని చూపిద్దామని, అల్లుడూ."

దీవి వెనక పడవ ఆగింది. గాజు కింద దిబ్బంతా కోసేసిన చేనులా మోళ్లు.

"కొట్టిన సుత్తి మా అల్లుడి సంచిలోనే ఉంది," అన్నాడు అద్దాలాయన.

టీచరమ్మ తన రేకును అల్లుడి చేతిలో పెట్టేసింది. మిగతా ఎనిమిదిమంది కాసేపు చావింట్లో కూర్చున్నట్టు మొహాలు పెట్టారు. తర్వాత ఒకతను గొంతు సవరించుకున్నాడు.

"అయితే మావి ఇక్కడే నాటొచ్చా? ఫొటోకి వెలుతురు బాగుంది."

సాయంత్రానికి హోటలువాళ్లు పడవ తాళం తీసేసుకున్నారు. కూతురు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఆయన పరువు తీసి ఏం సాధించావు నాన్నా?"

"ఏమీ లేదమ్మా. వాళ్లకి సిగ్గుంటుందనుకున్నా."

వేడుక ఆగలేదు. ఇప్పుడది ఆ మోళ్ల దగ్గరే జరుగుతోంది, గాయపడ్డ దిబ్బకు ప్రాణం పోయండి అనే బోర్డుతో. అద్దాలాయన ఒడ్డున చిరిగిన వలలు బాగుచేస్తున్నాడు. అల్లుడు ఎదురుపడి పలకరిస్తే తలెత్తడు. పక్కకు తిరిగి ఉమ్మేసి, మళ్లీ పనిలో పడతాడు.